రోడ్డు వెడల్పా, బస్సా, రైలా? పెరుగుతున్న నగరం ముందున్న దారులు

పెరుగుతున్న నగరానికి ఈ పంచాయితీ ఏదో ఒకనాడు తప్పదు. ఊళ్లోకి వచ్చే ప్రధాన రహదారి పొద్దున, సాయంత్రం కదలనని మొరాయిస్తుంది. అటు రెండు లేన్లు, ఇటు రెండు లేన్లు కలిపితే తీరిపోతుందని కొందరంటారు. ఇంకెన్నాళ్లు రోడ్లు తవ్వుతారు, మెట్రో వేయండని మరికొందరు. బస్సులకు దారి వదిలితే చాలని ఇంకొందరు. ఇంతలో ప్రజాభిప్రాయ సేకరణకు తేదీ పడుతుంది. దాంతో పాటే ఎవరూ పూర్తిగా చదవలేనంత లావుపాటి నివేదిక ఒకటి బయటికొస్తుంది. ఆ సభకు వెళ్లే ముందు ఏది ఎందుకు కావాలో తేల్చుకోవాలనుకునేవారి కోసం ఈ పోలిక.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. పెరుగుతున్న నగరంలో రద్దీ తగ్గించడం కోసమే రోడ్డు వెడల్పు చేస్తామంటే నేను ఒప్పుకోను. వేరే కారణాలకైతే ఒప్పుకోవాల్సిన సందర్భాలున్నాయి, అవీ చెబుతాను. అలాగని మెట్రో పేరు వినగానే చప్పట్లు కొట్టే పక్షమూ కాదు నాది.

## ముందు కొలమానాలు

సభల్లో వాదన సాధారణంగా ఏది ఆధునికం, ఏది పాతకాలపుది అన్నట్టు సాగుతుంది. దాన్ని పక్కన పెట్టి, కింది ఆరు విషయాలు చూడండి.

గంటకు ఎంతమంది మనుషులు? వాహనాల సంఖ్య చూపించి మాట్లాడే నివేదికను అక్కడే ఆపి, మనుషుల లెక్క అడగండి. మూడు మీటర్ల వెడల్పున్న నగర వీధి లేన్ ఒక గంటలో కార్లతో 600 నుంచి 1,600 మందిని దాటించగలదని అమెరికా నగర రవాణా అధికారుల సంఘం నాక్టో లెక్క. అదే లేన్ బస్సులకు కేటాయిస్తే 4,000 నుంచి 8,000 మంది. అదే వెడల్పులో కాలిబాట వేస్తే 9,000 మంది వరకు నడవగలరు. జాగా అంతే, దాని మీద ఏం నడుస్తుందన్నదే తేడా.

పదేళ్ల తరువాత ఏమవుతుంది? ప్రారంభోత్సవం నాటి ప్రయాణ సమయం అందరూ చెబుతారు. పదో ఏటి సంగతి చెప్పేవారు తక్కువ.

గడప నుంచి గడపకు ఎంత సేపు? రైలు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే పోవచ్చు. ఇంటి నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి పనిచేసే చోటికి నడక, ఎదురుచూపు కలిపితే ఎంతవుతుంది? ఆగి ఎదురుచూసే ఒక నిమిషం బండిలో కూర్చున్న రెండు నిమిషాలంత భారంగా ప్రయాణికులకు తోస్తుందని రవాణా అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి.

మొత్తం ఖర్చెంత? కట్టడానికి ఒక లెక్క, నడపడానికి ఒక లెక్క, ఇరవై ఏళ్లకు మరమ్మతుకు మరో లెక్క. మూడూ విడివిడిగా అడగాలి.

ఎప్పటికి అందుతుంది? తప్పని తేలితే వెనక్కి తీసుకోగలమా? గీసిన గీతను చెరపడం తేలిక. పోసిన కాంక్రీటు సంగతి అలా కాదు.

ఎవరు నష్టపోతారు? ఇళ్లు, దుకాణాలు పోయేవారెవరు? పొగ, చప్పుడు భరించేవారెవరు? ఆ రోడ్డు దాటి అవతలి వైపు బడికి వెళ్లే పిల్లలెవరు?

## లేన్లు కలిపితే రద్దీ ఎందుకు తగ్గదు

ఆరింటిలో రెండోది మీద కాసేపు ఆగాలి. మొత్తం వాదన దాని మీదే ఆధారపడి ఉంది.

రద్దీ వేళ హైవే మీదికి ఎక్కకుండా ఆగిపోయిన జనం ప్రతి నగరంలోనూ ఉంటారు. కొందరు గంట ముందు బయలుదేరుతుంటారు. కొందరు పక్క వీధుల్లో వెళుతుంటారు. కొందరు బస్సెక్కుతుంటారు, కొందరు ఆ ప్రయాణమే మానుకుంటారు. లేన్లు పెరగగానే వీళ్లంతా తిరిగొస్తారు. ఆపై నాలుగైదేళ్లలో ఆ హైవే చివర కొత్త కాలనీలు లేస్తాయి. 'సిటీకి అరగంట' అన్న ప్రకటన చూసి ఇళ్లు కొన్నవాళ్లు అరగంట కాస్తా గంట అయ్యాక కూడా అదే రోడ్డు మీద రావాల్సిందే. అమెరికా ఆర్థికవేత్త ఆంథోనీ డౌన్స్ ఈ సంగతి 1962లోనే రాశారు. రద్దీ వేళల్లో ఎక్స్‌ప్రెస్‌వే మీది వాహనాలు దాని గరిష్ఠ సామర్థ్యం మేరకు పెరుగుతాయన్నది ఆయన సూత్రం. 1994లో బ్రిటన్ ప్రభుత్వం నియమించిన సలహా సంఘం కూడా కొత్త రోడ్లు కొత్త ట్రాఫిక్‌ను పుట్టిస్తాయని ఒప్పుకుంది.

2011లో జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి ఇంకా సూటిగా చెప్పారు: నగరాల్లో అంతర్రాష్ట్ర రహదారుల లేన్ల పొడవు ఎంత శాతం పెరిగితే, వాటి మీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతోంది.

ఈ అధ్యయనాన్ని మెట్రో అభిమానులు తెగ ఉటంకిస్తారు. అందులోని రెండో సగాన్ని మాత్రం దాటేస్తారు. ప్రజా రవాణా పెంచినా రోడ్ల మీద వాహనాల తిరుగుడు తగ్గలేదని కూడా అదే అధ్యయనం తేల్చింది. కారణం ఒకటే. రైలెక్కిన మనిషి రోడ్డు మీద ఖాళీ చేసిన జాగాలోకి ఇంకో కారు వస్తుంది. కాబట్టి 'మెట్రో వస్తే రోడ్డు ఖాళీ అవుతుంది' అనేవారిని, 'లేన్లు పెంచితే రోడ్డు ఖాళీ అవుతుంది' అనేవారిని ఒకే గాటన కట్టండి.

మరి తేడా ఎక్కడ? విస్తరించిన రోడ్డు మళ్లీ నిండితే అందరూ అందులోనే ఇరుక్కుంటారు. సొంత దారి ఉన్న బస్సు, రైలు మాత్రం పక్కన రోడ్డు నిండినా తమ వేళకు తాము వెళ్లిపోతాయి. ప్రజా రవాణా రద్దీని మాయం చేయదు, రద్దీలో చిక్కకుండా వెళ్లే అవకాశం ఇస్తుంది. దాన్ని ఆ మేరకే చూడాలి, ఆ మేరకే కావాలనుకోవాలి.

## ఒకటో దారి: రహదారి విస్తరణ

ఈ చర్చలో అమెరికాలోని హ్యూస్టన్ పేరు రాక తప్పదు. అక్కడి కేటీ ఫ్రీవే అనే హైవేను 2003–2008 మధ్య సుమారు 280 కోట్ల డాలర్లతో విస్తరించారు. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లు. కొన్నాళ్లు బాగానే సాగింది. 2011–2014 మధ్యకొచ్చేసరికి రద్దీ వేళ ప్రయాణ సమయాలు మళ్లీ పెరిగాయి. ఇందులో ఎక్కువమంది పట్టించుకోని విషయం ఒకటుంది. విస్తరణకు కావాల్సిన జాగా కొంత ఆ పక్కనే ఉన్న పాత రైలు మార్గం నుంచి వచ్చింది, పట్టాలు పీకేశారు. అంటే రోడ్డు పెద్దదవడంతో పాటు, రేపెప్పుడైనా రైలు వేసుకునే వీలు కూడా పోయింది. మీ నగరంలో విస్తరణ పటం చూసేటప్పుడు మొదట వెతకాల్సింది ఇదే: ఆ కొత్త లేన్లు ఏ జాగాను మింగుతున్నాయి?

రెండో చిక్కు హైవే దిగే చోట ఉంటుంది. ఒక హైవే లేన్ గంటకు దాదాపు 2,000 వాహనాలను మోయగలదు. ఆ వాహనాలు దిగే కూడలిలో రెండు లేన్లకు కలిపి నూటికి నలభై పాళ్ల సమయం పచ్చదీపం పడుతుందనుకుందాం. దీపం వెలిగి ఉంటే లేన్‌కు గంటకు 1,800 వాహనాలు కదులుతాయి. నూటికి నలభై పాళ్లంటే లేన్‌కు 720, రెండు లేన్లకు 1,440. హైవే మీద ఒక లేన్ కలిపితే మరో 2,000 వాహనాలు వచ్చి పడతాయి, కూడలి మాత్రం ఆ 1,440 మించి మింగలేదు. క్యూ వెనక్కి పెరిగి హైవే మీదికే ఎక్కుతుంది. విస్తరణ నివేదికలు హైవే గురించి పేజీలకు పేజీలు రాసి, దిగే కూడళ్లను అనుబంధంలోకి తోసేయడం మామూలే. అనుబంధం నుంచే చదవడం మొదలుపెట్టండి.

విస్తరణ సబబైన సందర్భాలూ ఉన్నాయి. నాలుగు లేన్ల రోడ్డు ఒక పాత వంతెన దగ్గర రెండు లేన్లకు కుంచించుకుపోతే, ఆ ఒక్క చోట వెడల్పు చేయడం న్యాయమే. రేవుకో గిడ్డంగులకో వెళ్లే సరుకు లారీలు ఊరి వీధుల్లోకి రాకుండా చూసే బైపాస్ కూడా అంతే. లారీ సరుకును మెట్రో ఎక్కించలేం కదా. బండి ఆగిపోతే పక్కకు తీయడానికి అంచు లేని చోట, ప్రమాదాలు పదేపదే జరిగే మలుపులో చేసే మార్పులు భద్రత పద్దులోకి వస్తాయి. వాటికి రద్దీ సాకు అవసరం లేదు. కొత్తగా కలిపే లేన్ మొదటి రోజు నుంచే బస్సులకు కేటాయిస్తామని రాతపూర్వకంగా ఉంటే అదీ ఆలోచించదగ్గదే. తరువాత కేటాయిస్తామంటే నమ్మకండి. జనం అలవాటుపడ్డ లేన్‌ను వెనక్కి తీసుకునే ధైర్యం ఏ ప్రభుత్వానికీ తేలిగ్గా రాదు.

## రెండో దారి: బస్సుకు సొంత లేన్

ఖర్చు, కాలం, మనుషుల లెక్క కలిపి చూస్తే పెరుగుతున్న నగరానికి ముందుగా ప్రయత్నించదగ్గది ఇదే అని నా అభిప్రాయం.

బ్రెజిల్‌లోని కురిటీబా 1974లో బస్సులకు ప్రత్యేక దారులు మొదలుపెట్టింది. కొలంబియా రాజధాని బొగొటా 2000 డిసెంబరులో ట్రాన్స్‌మిలేనియో అనే బస్సు వ్యవస్థ నడిపింది. స్టాపుల దగ్గర ఒక బస్సును మరో బస్సు దాటి వెళ్లేలా అదనపు లేన్ ఇచ్చింది. దాంతో రద్దీ వేళ ఒక దిశలో గంటకు 40 వేలకు పైగా ప్రయాణికులను మోసింది. చాలా మెట్రోలు మోసేది అంతకన్నా తక్కువే. ఇస్తాంబుల్ 2007లో మరో దారి తొక్కింది: రద్దీ హైవే నడిమధ్యనే బస్సుల వరుస పెట్టింది.

బస్సు ఎక్కడ ఆలస్యమవుతుందో దగ్గరగా చూస్తే ఈ పద్ధతి బలం అర్థమవుతుంది. ఒక స్టాపులో ఇరవై మంది ఎక్కుతున్నారు. తలుపు ఒకటే, ఎక్కేటప్పుడే టికెట్టు. మనిషికి మూడు సెకన్లు అనుకున్నా నిమిషం. అదే టికెట్టు స్టాపులోకి రాకముందే తీసుకుని, బస్సు గడప ఎత్తులోనే వేదిక ఉండి, మూడు తలుపుల నుంచి ఎక్కితే పధ్నాలుగు, పదిహేను సెకన్లలో అయిపోతుంది. స్టాపుకు 45 సెకన్లు మిగిలాయి. ఇరవై స్టాపుల దారిలో పదిహేను నిమిషాలు. అదనంగా ఒక్క గజం రోడ్డు వేయకుండా వచ్చిన పదిహేను నిమిషాలివి. లేన్ వల్ల వచ్చే ఆదా వీటికి అదనం.

విఫలమైన కథలూ చూడాలి. ఢిల్లీలో 2008లో ఆరు కిలోమీటర్ల లోపు దూరానికి బస్సు కారిడార్ వేశారు. 2016లో తొలగించడం మొదలుపెట్టారు. అంత చిన్న ముక్కలో బస్సుకు మిగిలే సమయం ఎంత? ముక్క దాటగానే అదే పాత రద్దీ. కూడళ్లలో సిగ్నల్ కోసం సుదీర్ఘంగా ఆగాల్సిరావడం, పక్కన ఇరుక్కున్న కార్లవాళ్ల కోపం తోడయ్యాయి. చిన్న ముక్క వేసి ఫలితం చూద్దామనే జాగ్రత్త ఇక్కడ బెడిసికొడుతుంది. బస్సు లేన్ వేస్తే దారి పొడవునా వేయాలి, లేదంటే కనీసం రద్దీ ఉన్న భాగమంతా వేయాలి.

ఇంకో లోపం కూడా ఒప్పుకోవాలి. విజయం సాధించిన బస్సు మార్గం కిక్కిరిసిపోతుంది. బొగొటాలో ప్రయాణికుల ఇబ్బందులు తక్కువేమీ కావు, ఇప్పుడు ఆ నగరమే మెట్రో కట్టుకుంటోంది. దీన్ని బస్సు ఓటమి అని కొందరంటారు. ఇరవై ఏళ్లకు పైగా లక్షల మందిని మోసి, ఏ దారిలో గిరాకీ ఎంతో కచ్చితంగా చూపించిన తరువాత వస్తున్న మెట్రో అది. నేనైతే ఓటమి అనను.

## మూడో దారి: మెట్రో, తేలికపాటి రైలు

గంటకు ఒక దిశలో 30 వేల నుంచి 80 వేల మంది. ఇందులో పై అంకెను అందుకునే బస్సు మార్గం లేదు. నగర కేంద్రం ఇరుకై, ఎత్తుగా పెరిగి, అన్ని దిక్కుల నుంచీ జనం అక్కడికే వస్తుంటే మెట్రోకు ప్రత్యామ్నాయం లేదు.

చిక్కంతా అంచనాలతోనే. డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా బృందం అనేక దేశాల ప్రాజెక్టులను పరిశీలించింది. రైలు ప్రాజెక్టుల ఖర్చు అంచనా కన్నా సగటున 45 శాతం దాకా పెరిగింది. ఎక్కిన జనం సగటున అంచనాలో సగమే. రోడ్డు ప్రాజెక్టుల ఖర్చూ పెరిగింది, కాకపోతే సగటున 20 శాతం. రైలు నివేదికలోని ఖర్చును ఒకటిన్నర రెట్లు చేసి, ప్రయాణికుల సంఖ్యను సగానికి తగ్గించి, అప్పటికీ ఆ ప్రాజెక్టు నిలబడుతుందేమో చూడటం నాకు అలవాటు. నిలబడితే ధైర్యంగా చేయి ఎత్తవచ్చు.

రైలు ఒక్కటే వేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. స్టేషను చుట్టూ నడవడానికి కాలిబాట ఉందా? అక్కడ ఎత్తైన ఇళ్లకు, కార్యాలయాలకు అనుమతి ఉందా? స్టేషను పక్కన రెండంతస్తులకు మించి కట్టకూడదని నిబంధన పెట్టి, వేల కోట్లతో రైలు వేయడం వృథా ఖర్చు.

మెట్రో వద్దనుకుని బాగుపడ్డ నగరమూ ఉంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ప్రజలు 1973లో భూగర్భ రైలు ప్రతిపాదనను ఓటుతో తిరస్కరించారు. 1977లో ఉన్న ట్రాములు, బస్సులు వేగంగా నడవడానికి డబ్బు ఇమ్మని ఓటేశారు. సిగ్నల్ దగ్గర ట్రాముకు ముందు దారి, ట్రాము పట్టాల మీదికి కార్లు రాకుండా కట్టడి, 1990 నుంచి శివార్లను కలిపే రైళ్లు. ప్రజా రవాణాకు మంచి పేరున్న నగరాల వరుసలో జ్యూరిక్ ఇప్పటికీ ముందుంటుంది.

కెనడాలోని ఒటావాది మధ్యేమార్గం. 1983 నుంచి బస్సులకు ప్రత్యేక దారి నడిపి, అది నిండాక ఆ మార్గంలోని ముఖ్యభాగాన్ని 2019లో తేలికపాటి రైలుగా (మెట్రో కన్నా తక్కువ మందిని మోసే విద్యుత్ రైలు) మార్చింది. కొత్త రైలుకు మొదట్లో సాంకేతిక ఇబ్బందులు చాలానే వచ్చాయి. అయినా మార్గం కోసం కొత్తగా ఇళ్లు కూల్చాల్సిన అవసరం పెద్దగా లేకపోయింది. 1983 నాటి నిర్ణయం 2019లో పనికొచ్చింది.

## నాలుగో దారి: ఉన్న పట్టాలు, ఉన్న రోడ్లు, రుసుము

సభల్లో అందరికన్నా తక్కువగా వినిపించేది ఇదే. శిలాఫలకం వేయడానికి ఇందులో ఏమీ ఉండదు కాబట్టి కావచ్చు.

నగరం గుండా ఇప్పటికే రైలు పట్టాలుంటే, రోజుకు నాలుగైదు సార్లు వచ్చే లోకల్ రైలును పావుగంటకొకటిగా మార్చగలమా అన్నది మొదటి ప్రశ్న. సిగ్నళ్లు, అదనపు ప్లాట్‌ఫారాలు, కొన్ని కొత్త స్టేషన్లు కావాలి. భూసేకరణ మాత్రం తక్కువ. బ్రిటన్‌లో వేల్స్‌లోని న్యూపోర్ట్ దగ్గర ఎం4 హైవే రద్దీ తగ్గించడానికి 140 కోట్ల పౌండ్ల కొత్త రోడ్డు ప్రతిపాదన ఉండేది. 2019లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. తరువాత నియమించిన సంఘం 2020లో ఇచ్చిన నివేదికలో కొత్త రైల్వే స్టేషన్లు, బస్సు, సైకిల్ మార్గాలు కలిసిన వ్యవస్థను సూచించింది. రోడ్డు ఎంత వెడల్పు ఉండాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఆ రోడ్డు మీద ఉన్నవాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నారన్న చోట మొదలుపెట్టడం ఆ నివేదిక మంచి లక్షణం.

ఇక రద్దీ రుసుము, అంటే రద్దీగా ఉండే నగర ప్రాంతంలోకి వచ్చే వాహనాల నుంచి వసూలు చేసే డబ్బు. సింగపూర్ 1975లో, లండన్ 2003లో మొదలుపెట్టాయి. స్టాక్‌హోమ్ కథ వీటిలో ఎక్కువ ఉపయోగపడేది, ఎందుకంటే అది దాదాపు ప్రయోగశాలలో చేసిన పరీక్షలా సాగింది. 2006 జనవరి నుంచి జులై వరకు ప్రయోగాత్మకంగా రుసుము పెట్టారు, అంతకు ముందే బస్సులు పెంచారు. బస్సులు పెరిగినప్పుడు ట్రాఫిక్ చెప్పుకోదగ్గంత తగ్గలేదు. రుసుము మొదలవగానే నగరంలోకి వచ్చే వాహనాలు ఐదింట ఒక వంతు తగ్గాయి. జులైలో రుసుము ఆపగానే చాలా వరకు తిరిగొచ్చాయి. సెప్టెంబరులో ప్రజాభిప్రాయ ఓటింగ్ జరిగితే నగర ప్రజలు స్వల్ప తేడాతో ఒప్పుకున్నారు. 2007లో శాశ్వతం చేశారు, ట్రాఫిక్ మళ్లీ తగ్గింది.

రోడ్డు ఖాళీ కావడమే మీ లక్ష్యమైతే, ఈ జాబితాలో ఆ పని నేరుగా చేసేది రుసుము ఒక్కటే. బస్సు, రైలు సరిగా లేని చోట రుసుము వేస్తే మాత్రం అది పేదవాడి మీద పడే శిక్ష అవుతుంది. వరుస తప్పకూడదు: ముందు బస్సు, తరువాత రుసుము, వచ్చిన డబ్బు మళ్లీ బస్సుకే.

రోడ్డునే తీసేసిన నగరాల సంగతి ఒక్క మాటలో. సియోల్ 2003–2005 మధ్య చోంగ్యేచోన్ ఎత్తైన రహదారిని కూల్చి, కింద పూడ్చిన వాగును తిరిగి తెరిచింది. ఆ దారిలో రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు తిరిగేవి. 2004లోనే బస్సు మార్గాలన్నిటినీ సవరించి, రోడ్ల మధ్య బస్సు లేన్లు వేసింది కాబట్టి నెగ్గుకొచ్చింది. అప్పటికే విశాలమైన మెట్రో కూడా ఉంది. మీ నగరానికి అవి రెండూ లేకపోతే ఈ ఉదాహరణను సభలో వాడకండి, ఎదుటివారు తేలిగ్గా కొట్టేస్తారు.

## ఒక్కచోట పెట్టి చూస్తే

| దారి | గంటకు ఒక దిశలో | అందేందుకు సుమారు కాలం | పదేళ్ల తరువాత | వెనక్కి తిప్పుకోవచ్చా |
|---|---|---|---|---|
| ఒక అదనపు హైవే లేన్ | 2,000 వాహనాలు. కారుకు ఒకటిన్నర మంది చొప్పున 3,000 మంది | కొన్నేళ్లు. భూసేకరణ మీద ఆధారం | మళ్లీ నిండే అవకాశం ఎక్కువ | దాదాపు కుదరదు |
| గీత గీసిన బస్సు లేన్ | 4,000–8,000 మంది | నెలలు | బస్సులు పెంచుతూ పోతే నిలుస్తుంది | తేలిక. అదే దాని బలహీనత కూడా |
| స్టేషన్లు, దాటే లేన్లున్న బస్సు మార్గం | 10,000 నుంచి 40,000 పైగా | రెండు నుంచి నాలుగేళ్లు | కిక్కిరిసే ప్రమాదం | కష్టపడితే కుదురుతుంది; రైలుగా మార్చవచ్చు |
| మెట్రో | 30,000–80,000 మంది | పదేళ్ల లెక్క | చుట్టూ నగరం పెరిగితే బలపడుతుంది | కుదరదు |
| ఉన్న పట్టాల మీద లోకల్ రైళ్లు | రైళ్ల సంఖ్య, పెట్టెల సంఖ్యను బట్టి | రెండు నుంచి ఐదేళ్లు | దూరప్రాంత రైళ్లతో జాగా తగాదా | అవసరం పడదు |
| రద్దీ రుసుము | మోసేది లేదు, తగ్గించేదే | ఒకటి, రెండేళ్లు | రుసుము సవరిస్తూ ఉంటే నిలుస్తుంది | ఒక్క రోజులో |

బస్సు లేన్ బలహీనత గురించి ఒక మాట. గీత చెరపడం తేలిక కాబట్టి మొదటి ఎన్నికలకే చెరిపేసే ప్రమాదం ఉంది. అందుకే గీతతో మొదలుపెట్టినా, ఆరు నెలలు నడిచాక అడ్డుగట్టు, స్టాపు వేదిక కట్టించుకోవాలి.

## మీరెవరన్న దాన్ని బట్టి

రోజూ కారులో వెళ్లేవారు. విస్తరణ మీకోసమే అని చెబుతారు. పనులు జరిగే రెండు, మూడేళ్లు మీకే నరకం, ఆ తరువాత కొన్నేళ్ల ఊరట, ఆపై మళ్లీ మొదటికే. మీ దారిలో వంతెన, కూడలి లాంటి ఒకే ఒక ఇరుకు ఉంటే దాన్ని సరిచేయమని గట్టిగా అడగండి, అది న్యాయమైన కోరిక. దారంతా రద్దీ అయితే మీకు నిజంగా పనికొచ్చేది, వారంలో రెండు రోజులైనా కారు ఇంట్లో వదిలి వెళ్లగలిగే వేగమైన బస్సు.

బస్సులో వెళ్లేవారు. మీకు పదేళ్ల తరువాత వచ్చే మెట్రో కన్నా వచ్చే ఏడాది వచ్చే బస్సు లేన్ ముఖ్యం. మెట్రో నిర్మాణం పేరుతో బస్సుల సంఖ్య తగ్గించబోమన్న హామీ అడగండి. ఎప్పుడు చూసినా మొదట కోత పడేది అక్కడే.

రోడ్డు పక్కన దుకాణం ఉన్నవారు. విస్తరణలో దుకాణం ముందు భాగం పోవచ్చు, మొత్తమే పోవచ్చు. మిగిలినా, ఎనిమిది లేన్ల అవతలి నుంచి రోడ్డు దాటి వచ్చే కొనుగోలుదారు ఎవరు? బస్సు లేన్ వల్ల ముందు బండ్లు ఆపుకునే చోటు పోతుందన్న భయం మీది, అది నిజమే. సరుకు దించుకోవడానికి నిర్ణీత వేళలు, పక్క వీధిలో చోటు ముందే రాయించుకోండి.

హైవే చివర ఇల్లో స్థలమో కొన్నవారు. మీ పరిస్థితి అందరికన్నా ఇబ్బందికరం, మీకు విస్తరణ మీద ఆశ ఉండటం సహజం. కాకపోతే అదే విస్తరణ మీ వెనక ఇంకో పది కాలనీలు లేపుతుంది, వాళ్లంతా మీ ముందున్న రోడ్డు మీదికే వస్తారు. ఉన్న పట్టాల మీద లోకల్ రైలు మీ వైపు వస్తుందేమో మొదట చూడండి. లేకపోతే హైవే మీద ఆగకుండా వెళ్లే బస్సు, దాని లేన్.

సరుకు రవాణా చేసేవారు. విస్తరణను సమర్థించడానికి సరైన కారణం మీ దగ్గరుంది. అయితే కొత్త లేన్ మూడేళ్లలో ఒక్కరే కూర్చుని వెళ్లే కార్లతో నిండితే మీకు మిగిలేది లేదు. లారీలకు వేళలు కేటాయించడమో, రుసుము పెట్టి లేన్ ఖాళీగా ఉంచడమో అడగడం మీకే లాభం.

వార్డు ప్రతినిధులు, పన్ను కట్టేవారు. పై పట్టికలో చివరి నిలువు వరుస మీకోసం. నగరం ఎటు పెరుగుతుందో తెలియనప్పుడు, వెనక్కి తిప్పుకోగలిగినవాటిని ముందు చేయడం మంచిది. అలా చేస్తే రెండు, మూడేళ్లలో అంచనాలు పోయి నిజమైన అంకెలు చేతికొస్తాయి. భవిష్యత్తు రైలు కోసం జాగా మాత్రం ఇప్పుడే కేటాయించి పెట్టాలి. జాగా కొనడం ఏటికేడు కష్టమవుతుంది.

## సభలో అడగాల్సినవి

మాట్లాడటానికి రెండు నిమిషాలే ఇస్తారు. ఆవేశానికి ఒక నిమిషం పోతుంది. మిగిలిన నిమిషంలో వీటిలో ఏవైనా రెండు అడగండి.

విస్తరణ నివేదికలో రద్దీ అంచనా వేసినప్పుడు, కొత్త రోడ్డు వల్ల పుట్టే కొత్త ప్రయాణాలను కలిపారా? కలపకపోతే మొత్తం ప్రయోజనాల లెక్క ఎక్కువ చేసి చూపినట్టే. ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మిగతా పట్టికలు చూడనక్కర్లేదు.

ఈ డబ్బుతోనే దారి పొడవునా బస్సు లేన్, అందుకు కావాల్సిన బస్సులు, వాటిని నడిపే సిబ్బంది జీతాలు ఎన్నేళ్లు వస్తాయి? ఈ పోలిక చాలా నివేదికల్లో కనిపించదు. విస్తరణను 'ఏమీ చేయకపోవడం'తో మాత్రమే పోల్చి గెలిపిస్తారు.

మెట్రో అయితే: రద్దీ లేని వేళల్లో రైలు ఎన్ని నిమిషాలకొకటి? నష్టం వస్తే ఎవరు భరిస్తారు, ఏ పద్దు నుంచి? స్టేషను నుంచి పావుగంట నడక దూరంలో ఎంతమంది ఉంటున్నారు, ఆ నడకకు కాలిబాట ఉందా?

బస్సు లేన్ అయితే: లేన్‌లో బండ్లు నిలిపితే ఎవరు తీయిస్తారు? పోలీసులా, నగరపాలక సంస్థా? ఆ ఇద్దరూ సభలో ఉంటే ఒకరి ముఖం ఒకరు చూసుకునేది అప్పుడే. జవాబు ఎవరిదైనా సభా కార్యక్రమాల పుస్తకంలో ఎక్కించమని అడిగి, ఎక్కించేదాకా మైకు దగ్గరే నిలబడండి.